మావాడి బంగారు చరిజార్డ్ అసలుదేనా?

వేలచ్చేరి నాన్న:
నమస్తే అండీ. మావాడికి తొమ్మిదేళ్లు. పై ఫ్లోర్ పిల్లాడికి పదమూడు పోకెమాన్ కార్డులిచ్చేసి ఒక్క బంగారు చరిజార్డ్ (నిప్పులు కక్కే పోకెమాన్) కార్డు పట్టుకొచ్చాడు. రాత్రి దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాడు. నాకైతే స్వీటు మీద అంటించే రేకులా కనిపిస్తోంది. ఎలా తేల్చుకోవాలి?

పాత డెక్కు:
వెనక్కి తిప్పండి. పోకెమాన్ అని ఇంగ్లిషులో రాసినచోట 'ఇ' నెత్తిన చిన్న గీత ఉండాలి. నకిలీల్లో చాలాసార్లు అది ఎగిరిపోతుంది, నీలం రంగు కూడా వెలిసినట్టుంటుంది. తర్వాత వెనకనుంచి ఫోన్ టార్చి కొట్టండి. అసలు కార్డు మధ్యలో నల్లటి పొర ఉంటుంది కాబట్టి వెలుతురు పెద్దగా దాటదు. నకిలీది ట్రేసింగ్ పేపర్‌లా వెలుగుతుంది.

మైలాపూర్ మావయ్య:
టార్చి మాట కాగితం కార్డులకండీ. ఈ బంగారువి ప్లాస్టిక్, అక్కడ ఆ పరీక్ష చెల్లదు. హెచ్‌పీ, అంటే ఆటలో ఆ పోకెమాన్ ప్రాణబలం చెప్పే అంకె, చూడండి. నాలుగంకెలుంటే నకిలీయే, ఇక ఆలోచించక్కర్లేదు. 1999 ఇంగ్లిషు బేస్ సెట్ (మొదటి విడత కార్డులు) చరిజార్డ్‌కి ఉన్నదే 120.

పాత డెక్కు:
ఒప్పుకుంటా. కానీ బంగారు చరిజార్డ్ అసలు లేనే లేదనుకోకండి. 2021లో పోకెమాన్ పాతికేళ్ల పండగకి వచ్చిన పెద్ద పెట్టెలో పికాచు, చరిజార్డ్ లోహపు కార్డులు రెండూ ఇచ్చారు. చేతిలో పెట్టుకుంటేనే బరువు తెలుస్తుంది.

తాంబరం తమ్ముడు:
మా బీరువాలో చిప్స్ ప్యాకెట్లలో వచ్చిన పోకెమాన్ టాజోలు (గుండ్రటి బొమ్మల బిళ్లలు) దొరికాయి. లక్షలొస్తాయా?

మైలాపూర్ మావయ్య:
రావు బాబూ.

బెంగళూరు నుంచి వచ్చినామె:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. బెంగళూరులో చక్కగా బల్లపరుపుగా ఉన్న నా హోలో (మెరుపు పొరున్న) కార్డులు చెన్నై వచ్చిన నెలకే దొప్పల్లా ముడుచుకున్నాయి. మెరుపు పొర తేమ పీల్చదు, దాని కింది కాగితం పీల్చి సాగుతుంది, అందుకే మెరిసే వైపుకి వంగుతుందట. చదును చేద్దామని తెలివిగా ఇస్త్రీపెట్టె పెట్టాను. పొర బుడగలొచ్చేసింది, కార్డు పోయింది. ఇప్పుడు స్లీవ్ (ప్లాస్టిక్ తొడుగు) వేసి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాస్తున్నా. కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చేవే, కొననక్కర్లేదు.

వేలచ్చేరి నాన్న:
చూశానండీ. హెచ్‌పీ 3000! బరువూ లేదు. ఆ కార్డొచ్చిన డబ్బాలో ఇలాంటివి యాభై పైచిలుకు ఉన్నాయట, ఇక్కడే చెన్నైలో ప్యారిస్ కార్నర్ దగ్గర కొన్నారని వాళ్లమ్మ చెప్పింది. ఆ పిల్లాడికీ నకిలీ అని తెలీదు పాపం. మావాడిచ్చిన పదమూడూ ఏంటో?

పాత డెక్కు:
కార్డు కింద మూల చూడమనండి. గుండ్రం ఉంటే మామూలుది, డైమండ్ అయితే కాస్త మేలు, నక్షత్రం ఉంటే అరుదైనది. గుండ్రాలైతే వదిలేయండి, పిల్లల బేరం.

వేలచ్చేరి నాన్న:
రెండు కార్డుల మీద నక్షత్రం ఉందట. పైకెళ్లి అడిగితే పదకొండు తిరిగిచ్చాడు. ఆ నక్షత్రం కార్డులు రెండూ ఆ పిల్లాడి నిక్కరు జేబులో ఉండి వాషింగ్ మెషిన్‌లోకి వెళ్లాయి. ఒకటి రెండు పొరలుగా విడిపోయింది. చెప్పినట్టే మధ్యలో నల్లగా ఉంది, ఒరిజినలే!

బెంగళూరు నుంచి వచ్చినామె:
ఇస్త్రీ మాత్రం చేయకండి.