యాషికార్, యాషినాన్: షార్ప్‌నెస్‌లో తేడా నిజంగా కనబడుతుందా?

120రోల్:
నా దగ్గర యాషికా-డి ఉంది, పైనొకటి కిందొకటి లెన్సులుండే ఫిల్మ్ కెమెరా (టీఎల్ఆర్). లెన్సు యాషికార్ 80 ఎం.ఎం. ఎఫ్/3.5, అంటే మూడు ఎలిమెంట్ల (గాజు ముక్కల) ట్రిప్లెట్. ఇప్పుడు యాషికా మ్యాట్ 124జి ఒకటి అమ్మకానికి వచ్చింది. దాని యాషినాన్ నాలుగు ఎలిమెంట్ల టెస్సార్ తరహా; ఫోకల్ లెంగ్త్, అపెర్చర్ మాత్రం అవే. నేను ఎక్కువగా తీసేది మనుషుల్ని, అప్పుడప్పుడు పాత కట్టడాలు. ప్రింట్లు 8 అంగుళాలు దాటవు. ఆ ఒక్క ఎలిమెంట్ కోసం కెమెరా మార్చొచ్చా?

గ్రౌండ్‌గ్లాస్:
తేడా ఉందండీ, కానీ అన్ని అపెర్చర్లలోనూ కాదు. 1893లో డెన్నిస్ టేలర్ ట్రిప్లెట్‌లో మూడే ఎలిమెంట్లతో లెన్సు ప్రధాన దోషాలన్నిటినీ ఒకేసారి అదుపులోకి తెచ్చాడు. నాకు ఇప్పటికీ అబ్బురమే అది. 1902లో జర్మన్ లెన్సుల కంపెనీ జైస్‌లో పాల్ రుడాల్ఫ్ చేసిన టెస్సార్‌లో చివర ఒకటి బదులు రెండు ఎలిమెంట్లు అతికించి ఉంటాయి. దాని లాభం ముఖ్యంగా అంచుల్లో తెలుస్తుంది. జైస్ వాళ్లు టెస్సార్‌ని 'కెమెరాకి డేగ కన్ను' అని ప్రచారం చేసుకున్నారు.

ఎఫ్/3.5లో మీ యాషికార్ మధ్యలో బాగానే ఇస్తుంది, మూలలు మెత్తబడతాయి. ముఖం మధ్యలో పెట్టి తీసే పోర్ట్రెయిట్‌కి ఆ మెత్తదనం అందమే. కట్టడాలకైతే ఎలాగూ అపెర్చర్ చిన్నది చేసి ఎఫ్/8కో ఎఫ్/11కో వెళ్తారు, అక్కడ రెండూ దాదాపు ఒకటే. ఇంకో లెక్క చూడండి. 6×6 నెగటివ్ 56 మి.మీ. ఉంటుంది, దాన్నించి 8 అంగుళాల ప్రింటంటే మూడున్నర రెట్లకి కాస్త పైన. 35 ఎం.ఎం. ఫిల్మ్ పొట్టి వైపు 24 మి.మీ., అదే ప్రింట్‌కి ఎనిమిదిన్నర రెట్లు పెంచాలి. అంత తక్కువ పెంపులో మూలల తేడా పట్టుకోవాలంటే వెతకాలి.

సోనార్50:
కాంట్రాస్ట్ సంగతి కూడా చూడాలి కదా? కోటింగ్ (వెలుగు వెనక్కి పోకుండా వేసే పలచటి పూత) లేని ప్రతి గాజు ఉపరితలం దగ్గరా నూటికి నాలుగు వంతుల పైనే వెలుగు వెనక్కి పోతుంది. అందుకే రుడాల్ఫ్‌దే 1896 నాటి ప్లానార్ లెన్సు కోటింగులు వచ్చేదాకా మూలనే పడి ఉంది. జైస్ వాళ్లదే సోనార్ ఎఫ్/1.5 లెన్సులో దాని రూపకర్త బెర్టెలే ఏడు ఎలిమెంట్లని మూడు గుంపులుగా అతికించింది, గాలి తగిలే ఉపరితలాలు ఆరే ఉండాలని.

గ్రౌండ్‌గ్లాస్:
నిజమే. కానీ ట్రిప్లెట్‌కీ టెస్సార్‌కీ కూడా ఆ ఉపరితలాలు ఆరే, కాబట్టి ఈ రెంటి మధ్య అది తేల్చదు. లోపల పొగమంచులా హేజ్ పట్టి ఉంటే అది తేలుస్తుంది. పాత లెన్సుల్లో షార్ప్‌నెస్ గురించి మాట్లాడేవాళ్లు డిజైన్ పేరుతో మొదలుపెడతారు. నేనైతే టార్చితో మొదలుపెడతాను. వెనక తలుపు తీసి, షటర్ బి మీద (నొక్కినంతసేపూ తెరిచే ఉండేలా) తెరిచి, వెలుగు ఏటవాలుగా వేసి చూడండి. నల్లగా ఉండాల్సిన చోట తెల్లగా మసక కనబడితే, నాలుగు ఎలిమెంట్లున్నా ఏం లాభం?

రెండోది, టీఎల్ఆర్‌లో మనం ఫోకస్ చేసేది పై లెన్సుతో, ఫిల్మ్ చూసేది కింది లెన్సుతో. రెండూ కలవకపోతే మనిషి కళ్లు వదిలేసి చెవులు షార్ప్‌గా వస్తాయి. ఫిల్మ్ పట్టాల మీద గ్రౌండ్ గ్లాస్ (గరుకు గాజు) ముక్క గరుకు వైపు లెన్సు కేసి ఆనించి, ఎఫ్/3.5లో లూప్‌తో (చిన్న భూతద్దంతో) చూడండి. పై తెరమీద ఎక్కడ షార్ప్‌గా ఉందో ఇక్కడా అక్కడే ఉండాలి.

120రోల్:
చూశానండీ. హేజ్ లేదు. ఫోకస్ మాత్రం తేడాగా ఉంది, పై తెర చెప్పినదానికంటే కింద కాస్త వెనక పడుతోంది.

గ్రౌండ్‌గ్లాస్:
అయితే ముందు పై లెన్సు సర్దించండి. తర్వాత ట్రైపాడ్ మీద ఒకే దృశ్యం ఎఫ్/3.5, ఎఫ్/8లో తీసి, నెగటివ్‌నే లూప్ కింద చూడండి, స్కాన్ కాదు. అప్పటికీ మూలలు మీకు అడ్డొస్తే 124జి కొనండి. దాని పై లెన్సు ఎఫ్/2.8, తెర వెలుగ్గా ఉండి ఫోకస్ తేలికవుతుంది. నా దృష్టిలో నాలుగో ఎలిమెంట్ కంటే అదే పెద్ద కారణం.