‘పక్కా’ మనకు ఎటునుంచి వచ్చింది?

పదాలపేటిక:
పక్కా ఇల్లు, పక్కా సమాచారం, పక్కా దొంగ, ‘రేపు పక్కా వస్తా’. చోటు మారితే అర్థం మారిపోతోంది. ఇది సంస్కృత ‘పక్వం’ నుంచి నేరుగా తెలుగులోకి వచ్చిందనీ, ఈ మాట విషయంలో హిందీకి మనం బాకీ లేమనీ ఒక మిత్రుడు గట్టిగా వాదిస్తున్నాడు. నాకు నమ్మకం కుదరడం లేదు. మీరేమంటారు?

నల్లరేగడి:
మూలం పక్వమే, అందులో గొడవ లేదండి. ‘నేరుగా’ అన్నదే తప్పు. పక్వ ప్రాకృతంలో ‘పక్క’ అయింది, హిందీలో ‘పక్కా’ అయింది. మనకు అందింది ఆ చివరి రూపం. మాట చివరి దీర్ఘం చూడండి: మజా, దర్జా, హోదా, కచ్చా. అచ్చ తెలుగు నామపదాలు సాధారణంగా ఇలా ముగియవు. సంస్కృతం నుంచి మనం తెచ్చుకున్నది ‘పక్వం’గానే ఉంది. పండుకో, ఆలోచనకో వాడతాం. పక్వమైన ఇల్లు అంటే ఎవరైనా నవ్వుతారు.

తోవరి:
ప్రాకృతం నుంచే మనకు ఎందుకు రాకూడదు అన్నా? శాతవాహనుల శాసనాలు ప్రాకృతంలోనే ఉన్నాయి కదా. అప్పటికి హిందీ పుట్టనేలేదు.

నల్లరేగడి:
అప్పుడే వచ్చి ఉంటే ‘పక్క’ అని హ్రస్వంతో స్థిరపడేది తమ్ముడూ. పైగా ఇది ఒంటరిగా రాలేదు. కచ్చా రోడ్డు - పక్కా రోడ్డు, కచ్చా బిల్లు - పక్కా బిల్లు అని జంటగా వచ్చింది. ఆ జంట హిందీదే.

ఇంకో తమాషా ఉంది. హిందీ లెక్క ప్రకారం కూడా ఇది ‘పక్కా’ కాకూడదు. సంస్కృతం, ప్రాకృతం, హిందీ వరుసలో చూడండి: సప్త, సత్త, సాత్. హస్త, హత్థ, హాథ్. ద్విత్వం పోయి ముందు అచ్చు దీర్ఘమవుతుంది. బెంగాలీలో అలాగే ‘పాకా’ అయింది. హిందీలో మాత్రం ద్విత్వం నిలిచింది. పంజాబీలో సత్త్, హత్థ్ అనే ధోరణి ఉంది కాబట్టి ఆ వైపు ప్రభావం అంటారు.

మెహఫిల్:
ఉర్దూని మర్చిపోయారు. ‘పుఖ్తా’ అనే ఫారసీ మాట ఉంది. వండిన, పండిన అని అసలు అర్థం. పుఖ్తా మకాన్ అంటే ఇటుకలతో కట్టిన ఇల్లు, పుఖ్తా సబూత్ అంటే తిరుగులేని సాక్ష్యం. పక్కాకి ఉన్న అర్థాలన్నీ దానికీ ఉన్నాయి. కాబట్టి పక్కా అంటే పుఖ్తాయే.

నల్లరేగడి:
రెండూ దాయాదులండీ, ఒకటి మరొకదాని బిడ్డ కాదు. సంస్కృత ‘పచ్’, ఫారసీ ‘పుఖ్తన్’ ఒకే పాత ధాతువు నుంచి వచ్చాయి. ఆ మాటకొస్తే లాటిన్ మీదుగా ఇంగ్లీషు ‘కుక్’ కూడా అక్కడిదే. అయితే ఇల్లు, సాక్ష్యం లాంటి అర్థాలు బలపడటంలో పుఖ్తా చేయి ఉండే ఉంటుందన్న మీ మాట నాకు సమ్మతమే.

ఇటుకబట్టీ:
వంటకీ ఇంటికీ లంకె ఇటుకే. హిందీలో కాల్చిన ఇటుక ‘పక్కీ ఈంట్’, ఎండబెట్టినది ‘కచ్చీ ఈంట్’. కాల్చిన ఇటుకతో కట్టింది పక్కా ఇల్లు. అక్కడి నుంచి గట్టిది, నిలిచేది, నమ్మదగ్గది. మన దేశంలోని ఇంగ్లీషువాళ్లు వాడిన మాటల మీద యూల్, బర్నెల్ 1886లో వేసిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో ఈ జాబితా చూసి తీరాలి. పక్కా ఉద్యోగమంటే పర్మనెంటు, పక్కా రంగంటే వెలవనిది, చివరికి పక్కా వెధవ, కచ్చా వెధవ కూడా ఉన్నారు!

ఇంగ్లీషువాళ్లు ‘పక్కా’ని తమ దేశానికీ పట్టుకెళ్లి ‘అసలైన’, ఆ తర్వాత ‘అద్భుతమైన’ అనే అర్థాల్లో వాడుకున్నారు.

పదాలపేటిక:
మనం పచ్చి ఇటుక అంటాం కదా, అక్కడే నాకు చిక్కొచ్చింది. పచ్చి అంటే కచ్చా. మరి ‘పచ్చి మోసం’, ‘పక్కా మోసం’ రెండూ ఎలా కుదురుతున్నాయి? ఉడకనిదీ ఉడికిందీ ఒకే చోటికి చేరాయా?

ఇటుకబట్టీ:
ఒకే చోటు కాదు. పచ్చి మోసంలో దాపరికం లేదు, చూడగానే తెలిసిపోతుంది. పక్కా మోసానికి ముందే ప్లాన్ ఉంటుంది, దొరకడం కష్టం. పచ్చి నిజం, పక్కా సమాచారం పక్కపక్కన పెట్టి చూడండి.

తోవరి:
అయితే ‘పచ్చి తాగుబోతు’, ‘పక్కా తాగుబోతు’ సంగతేంటి? రెండో అతను ప్లాన్ వేసి తాగుతాడా? నాకైతే అక్కడ తేడా కనబడటం లేదు, రెండూ ‘పూర్తిగా’ అనే చెబుతున్నాయి.

ఇటుకబట్టీ:
తాగుబోతు దగ్గర ఒప్పుకుంటాను. మోసం దగ్గర ఒప్పుకోను.