రక్తనాళాల కణాలకే నేరుగా పోయే మందు: మా నాయనకు దొరుకుతుందా?

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి):
మా నాయనకు పోయిన ఎండాకాలంలో గుండెకు స్టెంటు వేశారు. షుగరు కూడా ఉంది. మొన్న ఫోన్‌లో ఏదో వీడియో చూసి, "నానో మందు వచ్చిందట, రక్తనాళాల కణాలకే పోయి పట్టుకుంటదట, ఇంక ఈ గోళీలెందుకురా" అంటున్నాడు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మానేస్తానని ఒకటే పట్టు. ఇంట్లో రోజూ ఇదే లొల్లి. ఆ మందు నిజంగా ఉందా? హైదరాబాద్‌లో ఇస్తారా?

జవాబు:
అన్నా, ముందు ఆ గోళీలు ఆపనీయకండి. మాది దేవరకొండ, హైదరాబాద్‌లో ఫార్మసీ పరిశోధనలో ఉన్నాను.

వీడియో పూర్తిగా అబద్ధమేమీ కాదు. నాళం లోపల ఒకే వరుసగా పరుచుకున్న కణాల పొర ఉంటుంది, ఎండోథీలియం అంటారు. వాపు వచ్చిన చోట ఈ కణాల మీద వీక్యామ్-1, ఈ-సెలెక్టిన్ లాంటి ప్రొటీన్లు పైకి తేలతాయి. వాటిని గుర్తుపట్టి అతుక్కునే ప్రొటీన్‌ను (యాంటీబాడీ) మందు మోసే నానో రేణువుకు, అంటే కంటికి కనిపించనంత చిన్న రేణువుకు తగిలిస్తే మందు అక్కడే దిగుతుందని ఆశ. ఎలుకల్లో పనిచేసింది కూడా. మనిషి దగ్గరికొచ్చేసరికి చిక్కులు. రక్తంలోకి ఎక్కించిన కొవ్వుతో చేసిన నానో రేణువుల్లో చాలాభాగం కాలేయమే లాగేసుకుంటుంది. అలాంటి రేణువుల్లో పెట్టి ఇచ్చే పాటిసిరాన్ అనే మందు 2018లో అమెరికాలో అనుమతి పొందింది, అది పనిచేసేది కాలేయంలోనే. పైగా ధమనిలో ఆ వేగానికి గోడను పట్టుకోవడమంటే సాగర్ ఎడమ కాలువ నిండా పారుతుంటే గట్టు గడ్డి పట్టుకుని నిలబడడమే. స్టెంటు వేసినవాళ్లకు గోళీలకు బదులుగా ఇచ్చే అలాంటి మందు ఇప్పుడైతే లేదు. ఉందని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి.

ఇంకో మాట. నాళానికే అందే మందు మీ నాయన ఒంట్లో ఇప్పటికే ఉండొచ్చు. ఈ రోజుల్లో వేసే స్టెంట్లలో చాలావాటికి సిరోలిమస్ జాతి మందు పూత ఉంటుంది. నాళం మళ్లీ పూడకుండా నాళం గోడలోని కండర కణాల పెరుగుదలను అది ఆపుతుంది. పాపం దానికి కణాల మధ్య తేడా తెలియదు, ఎండోథీలియాన్నీ ఆపుతుంది. దాంతో స్టెంటు తీగల మీద కొత్త పొర కప్పుకోవడం ఆలస్యమవుతుంది. కప్పుకోని తీగ దగ్గర రక్తం గడ్డకట్టొచ్చు. ఆ రెండు గోళీలు అందుకే.

మరో జవాబు (నల్లగొండ, మెడికల్ షాపు):
తమ్ముడు చెప్పింది కరెక్టు. రెండు గోళీలూ ఎన్నాళ్లు వేసుకోవాలో మీ గుండె డాక్టరే చెప్పాలి. పన్ను పీకించుకునేటప్పుడు కూడా స్టెంటు సంగతి పళ్ల డాక్టరుకు చెప్పండి, సొంతంగా ఆపొద్దు. డిశ్చార్జి కాగితంలో స్టెంటు రకం రాసి ఉంటుంది, దాని ఫోటో ఫోన్‌లో పెట్టుకోండి.