లివర్‌కి ‘మచ్చ’ అనాలా, ‘పీచు పట్టింది’ అనాలా?

మా మామయ్య లివర్ రిపోర్టులో ‘ఫైబ్రోసిస్, ఎఫ్2’ అని ఉంది, అంటే ఎఫ్0 నుంచి ఎఫ్4 దాకా ఉండే దశల్లో మధ్యది. తెలుగు కరపత్రంలో దాన్ని ‘కాలేయపు మచ్చ’ అన్నారు. ఆయన కళ్లజోడు పెట్టుకుని స్కాన్ బొమ్మంతా వెతికి, “మచ్చ ఏదిరా? ఎక్కడా కనపడదే!” అన్నారు. ‘మచ్చ’ సరైన మాటేనా? ‘కాయ కాచింది’ అంటే నప్పుతుందా?

జవాబు: కాయ వద్దండీ. పలుగు పట్టిన చేతికి కాచే కాయ పైచర్మం మందం కావడమే. ఇది లోపల కొల్లాజెన్ అనే గట్టి ప్రొటీన్ పోగులు పేరుకోవడం. ‘మచ్చ’ అంటే ఒకచోట ఉండే గుర్తు అనుకుంటాం, అదీ చిక్కు. ఇక్కడ అసలు కథ ఒక కణం వేషం మార్చడం. లివర్‌లో స్టెలేట్ కణాలుంటాయి, అంటే ఆకాశంలో చుక్క ఆకారంలో ఉండే ‘చుక్క కణాలు’. 1876లో కుప్ఫర్ అనే జర్మన్ శాస్త్రవేత్త పెట్టిన పేరు. మామూలు రోజుల్లో వాటి పని విటమిన్ ఎ ని కొవ్వు బొట్లలో దాచిపెట్టడం. మద్యమో, హెపటైటిస్ వైరసో, పేరుకున్న కొవ్వో పక్క కణాలను ఏళ్ల తరబడి దెబ్బతీస్తుంటే ఇవి మేల్కొంటాయి. దాచిన బొట్లు పోతాయి, కండలా ముడుచుకునే గుణం వస్తుంది, కొల్లాజెన్ తయారీ మొదలవుతుంది. గోడౌన్ కాపలాదారు మగ్గం ఎక్కినట్టు! దెబ్బ ఆగకపోతే మగ్గమూ ఆగదు.

అందుకే నా ఓటు ‘పీచు పట్టడం’. బజార్లో బెండకాయ చివర విరిచి చూస్తాం కదా, టక్కున విరగక వంగితే పీచు పట్టిందని పక్కన పడేస్తాం. ఫైబ్రోస్కాన్ చేసేదీ ఇంచుమించు అదే, పక్కటెముకల మధ్య చిన్నగా తట్టి లివర్ ఎంత గట్టిపడిందో కొలుస్తుంది.

ఇంకొకరు: బాగుంది కానీ ముదిరిన బెండకాయ మళ్లీ లేతది కాదు. లివర్ అలా కాదుగా! హెపటైటిస్ సి వైరస్ మందులతో పోయాక చాలామందికి ఫైబ్రోసిస్ తగ్గుతుంది. మేల్కొన్న చుక్క కణాల్లో కొన్ని చచ్చిపోతాయి, కొన్ని మళ్లీ సద్దుమణుగుతాయి.

జవాబు: పోలిక తప్పే, ఒప్పుకుంటా. క్రియను మాత్రం వదలను. తుప్పు పట్టింది, పాచి పట్టింది, దెయ్యం పట్టింది... అన్నిటికీ ‘వదిలింది’ అనే జోడీ ఉంది. సిరోసిస్ దాకా, అంటే లివరంతా పీచు కట్టి గడ్డలుగా మారే దశ దాకా ముదిరితే వదలడం కష్టం, అది వేరే సంగతి. ఎఫ్2కి ‘పట్టింది’ చక్కగా సరిపోతుంది.

అడిగినవారు: మామయ్యకి చెప్పాను. ‘పీచు పట్టింది’ అనగానే తలూపారు. “మరి వదలాలంటే?” అన్నారు. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య చెప్పేసింది.