టైర్లలో నీళ్లు నింపితే ట్రాక్టరు లాగుడు పెరుగుతుందా, డీజిల్ దండగా?

పద్మనాభం రైతు: 45 హార్స్‌పవర్ టూ వీల్ డ్రైవ్ బండి, వెనక 13.6-28 టైర్లు, తొమ్మిది కర్రుల గొర్రు. ఎర్రనేల దుక్కిలో చక్రాలు ఉన్నచోటే తిరుగుతున్నాయి. నీళ్లు నింపమని కొందరు, బరువెక్కితే దొర్లుడు ఘర్షణ పెరిగి డీజిల్ తాగుతుందని కొందరు. ఎవరి మాట వినాలి?

బరువొద్దు: నింపకండి. మెత్తటి నేలలో చక్రం దిగబడి, ముందున్న మట్టిని అణుచుకుంటూ పోవాలి. దున్నిన నేలలో ఆ ఘర్షణ బండి బరువులో దాదాపు పదో వంతు. రెండు టన్నుల ట్రాక్టరైతే 200 కిలోల లాగుడు తనను తాను నడుపుకోడానికే సరి. గంటకి 5 కిలోమీటర్ల వేగంలో అది 3.7 హార్స్‌పవర్. ఇంకా బరువెందుకు?

లెక్కల మనిషి: ఖర్చు రాశారు, జమ రాయలేదు. ఆ సైజు టైరులో ముప్పాతిక వంతు నింపితే సుమారు 150 లీటర్లు, రెండింటికీ 300 కిలోలు. పెరిగే దొర్లుడు ఘర్షణ 30 కిలోలు. ఆ బరువంతా వెనక ఇరుసు మీదే కాబట్టి, పట్టు అందులో సగం అనుకున్నా 150 కిలోలు పెరుగుతుంది. నికరంగా 120 కిలోల లాగుడు మిగిలింది.

కానీ ముందు స్లిప్, అంటే చక్రం ఎంత శాతం జారుతోందో, కొలవండి. టైరు మీద సుద్దతో గీత గీసి, గొర్రు ఎత్తి పది చుట్లకి ఎంత దూరం పోయిందో చూడండి. అదే చేలో గొర్రు దించి మళ్లీ పది చుట్లు. మొదట 39 మీటర్లు, తర్వాత 34 వస్తే స్లిప్ 13 శాతం, బాగానే ఉన్నట్టు. 15 దాటితే బరువు వెయ్యండి. 8 కంటే తక్కువుంటే బరువొద్దు గారి మాటే రైటు, ఉన్నది కూడా తీసెయ్యాలి.

పెందుర్తి మెకానిక్: ఏటండీ, గాలి సంగతి ఎవరూ ఎత్తరే! ట్రాలీకి పెట్టిన 20 పౌండ్ల గాలితోనే చేలో దిగితే టైరు రాయిలా ఉండి గాడి కోస్తుంది. దుక్కికి 12 పౌండ్లు చాలు: టైరు పరుచుకుంటుంది, దిగబాటు తగ్గుతుంది, పట్టూ పెరుగుతుంది. తారురోడ్డు మీద దీనికి సరిగ్గా ఎదురు. మెత్తటి టైరు మడతపడి వేడెక్కుతుంది, పక్కలు పగులుతాయి. ట్రాలీ తగిలించే ముందు గాలి ఎక్కించాల్సిందే.

గాలి తగ్గించాకా జారితేనే నీళ్లు. జాకీ వేసి, వాల్వు పైకి తిప్పి, పిన్ను తీసి, వాల్వులోంచి నీరు పొర్లేదాకా నింపాలి. అప్పుడు ముప్పాతిక వంతు. మిగతాది గాలి. చలిదేశాల్లో గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. మన విశాఖలో ఆ పిచ్చిపని వద్దు, రిమ్ము తినేస్తుంది.

బరువొద్దు: ఉభాల (వరినాట్ల) ముందు దమ్ములోనూ ఈ నీళ్లతోనే దిగమంటారా?

లెక్కల మనిషి: వద్దు. బురదలో పట్టు పడిపోతుంది, దిగబాటు పెరుగుతుంది. అక్కడ జమ తగ్గి ఖర్చే మిగిలేది. నీళ్లు వదిలేసి దమ్ముచక్రాలు (ఇనప కేజ్ వీల్స్) వేసుకోవాలి.

భీమిలి ట్రాలీ: వదులు ఇసుకలోనో?

లెక్కల మనిషి: ఇసుకలో ఘర్షణ బరువులో ఐదో వంతు దాకా పోతుంది. ఐదు టన్నుల ట్రాలీకే 1000 కిలోలు. నీళ్లతో వచ్చే 120 అక్కడ ఏ మూలకి? సగం లోడు దించండి.

బరువొద్దు: దుక్కికి సరే, ఒప్పుకున్నాను. నేల గట్టిపడే సంగతి మాత్రం మీ లెక్కలో ఎక్కడా లేదు.