పెళ్లి క్యాసెట్లకి ఏ డిస్క్ రికార్డర్: ప్లస్సా, మైనస్సా, ర్యామా?

పాతక్యాసెట్: మా పెళ్లి 1989లో. ఇప్పుడు 2004, పదిహేనేళ్లయింది, మూడు వీహెచ్ఎస్ క్యాసెట్లు, ఒక్కోటీ మూడేసి గంటలు. ఇక్కడ న్యూజెర్సీలోనే రికార్డర్ కొని డీవీడీల్లోకి ఎక్కిద్దామనుకుంటున్నా. రాసుకునే డీవీడీల్లో పోటీపడే రకాలు మూడు: పానాసోనిక్‌ది డీవీడీ ర్యామ్, ఫిలిప్స్‌ది ప్లస్, పయనీర్‌ది మైనస్. వారం రోజులుగా తేలడం లేదు. "పెళ్లికి ఒప్పుకునేటప్పుడు కూడా ఇంత ఆలోచించలేదు మీరు" అంటోంది మా ఆవిడ.

చివరిఓవర్: ర్యామే, ఇందులో వాదనేముంది? లక్షసార్లు చెరిపి రాసుకోవచ్చు. చెరిపి రాసే ఆర్‌డబ్ల్యూ డిస్కులు ప్లస్ అయినా మైనస్ అయినా వెయ్యిసార్లే. పైగా రికార్డింగ్ నడుస్తుండగానే మొదటి నుంచి చూసుకోవచ్చు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి మ్యాచ్ సగంలో ఉంటుంది, కాఫీ పట్టుకుని మొదటి బంతి నుంచి మొదలెడతా.

మైనస్‌మావయ్య: పెళ్లి క్యాసెట్‌ని లక్షసార్లు చెరుపుతారా ఏంటండీ! ర్యామ్ డిస్కుని బయటి ప్లేయర్లు చాలావరకు అసలు ముట్టుకోవు. ఒక్కసారే రాసే మైనస్ ఆర్ తీసుకోండి. పయనీర్ 1997లో తెచ్చింది, డీవీడీ కంపెనీల సంఘం డీవీడీ ఫోరమ్ ఒప్పుకున్న పద్ధతి, పాత ప్లేయర్లకి బాగా అలవాటు. ఫైనలైజ్ చేయడం, అంటే రాయడం అయ్యాక వేరే ప్లేయర్లు చదివేలా డిస్కుని ముగించడం, మాత్రం మర్చిపోకండి. మా నాన్నగారి షష్టిపూర్తి డిస్కుని నేను అలాగే ఊరికి పంపేశా. హాల్లో ఇరవైమంది కూర్చున్నారట, తెర మీద "నో డిస్క్".

రెండుగంటలు: ప్లస్ ఆర్‌డబ్ల్యూకి ఆ గొడవ లేదు. ప్లస్ ఆర్‌కి ఉంది, ఒప్పుకుంటా. ప్లస్ పద్ధతి తెచ్చిన కంపెనీల కూటమిలో ఉన్న సోనీయే నిరుడు ప్లస్ ఆర్‌డబ్ల్యూ, మైనస్ రెండూ రాసే రికార్డర్ తెచ్చిందంటే ఇంకా ఈ కొట్లాట ఎందుకు? అంతకంటే ముఖ్యం, 4.7 జీబీ డిస్కులో బాగా పట్టేది రెండు గంటలే. మూడు గంటల క్యాసెట్‌ని ఒకే డిస్కులో కుక్కితే తలంబ్రాల దగ్గర అన్నీ చదరపు ముక్కలే కనిపిస్తాయి. రెండు డిస్కులకి పంచండి.

పాల్‌పంతులు: అసలు సంగతి ఎవరూ అడగలేదు. పాతక్యాసెట్ గారూ, ఆ వీడియో ఇండియాలో తీసిందేనా? అయితే అది పాల్ అనే టీవీ పద్ధతి: 625 గీతలు, సెకనుకి 25 ఫ్రేములు. మీ అమెరికాలో ఎన్‌టీఎస్‌సీ అనే వేరే పద్ధతి: 525 గీతలు, దాదాపు 30 ఫ్రేములు. అక్కడి మామూలు వీసీఆర్‌లో పెడితే బొమ్మ నిలవదు. వీసీఆరే చూపించనిది రికార్డర్ ఏం రాస్తుంది? ఇక్కడికి, ఇండియాకి వచ్చినప్పుడు చేయించుకోండి. ఆ డిస్కు కూడా పాల్‌లోనే ఉంటుంది, అమెరికా ప్లేయర్లు చాలావాటికి పడదు. కంప్యూటర్లో మాత్రం హాయిగా చూసుకోవచ్చు.

పాతక్యాసెట్: గుడివాడలో తీసిందే. రాత్రి బేస్‌మెంట్‌లోంచి పెట్టె తెచ్చి చూశా. రెండో క్యాసెట్ మూత ఎత్తితే చుట్ట అంచున తెల్లగా బూజు. సంక్రాంతికి వస్తున్నాం, మూడూ తెచ్చేస్తా. మా బావమరిది ఇంట్లో ఏ ప్లేయరుందో ఫోన్ చేసి కనుక్కోవాలి.

పాల్‌పంతులు: బూజున్నదాన్ని తుడిపించకుండా ఏ వీసీఆర్‌లోనూ పెట్టకండి, టేపుని చదివే హెడ్ పాడైపోతుంది. తర్వాత పెట్టే మంచి క్యాసెట్‌కీ అంటుకుంటుంది.

చివరిఓవర్: సరే, పెళ్లికి మైనస్. క్రికెట్‌కి మాత్రం ర్యామే.