బయటి పిల్లులు ఇంట్లోకి రాకుండా ఎలాంటి క్యాట్ ఫ్లాప్ (తలుపు కింది భాగంలో పిల్లి వచ్చిపోయే చిన్న రెక్క తలుపు) కొనాలి?

ప్రశ్న (రెడింగ్, ఇంగ్లండ్)

అందరికీ నమస్కారం. మేము రెడింగ్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాము. వంటగది నుంచి పెరట్లోకి వెళ్ళే యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) తలుపుకు కింది భాగంలో, మేము రాకముందు నుంచే పాత క్యాట్ ఫ్లాప్ ఒకటి ఉంది. తోస్తే తెరుచుకునే మామూలు రకం కావడంతో, వీధిలో తిరిగే బలమైన గండుపిల్లి ఒకటి రాత్రిళ్ళు లోపలికి వచ్చి, మా పిల్లి గిన్నెలో ఉన్నదంతా తినేసి, పోతూ పోతూ వాషింగ్ మెషీన్ పక్క గోడ మీద మూత్రం చిమ్మి పోతోంది. బ్లీచ్‌తో ఎంత కడిగినా మళ్ళీ అదే చోట చిమ్ముతోంది. మా పిల్లి ఇప్పుడు వంటగదిలోకి రావడానికే జంకుతోంది. అయస్కాంతంతో పనిచేసే ఫ్లాప్ చవకగా దొరుకుతోంది, పిల్లి ఒంట్లో అమర్చే మైక్రోచిప్‌ను (గుర్తింపు నంబరున్న చిన్న చిప్) చదివేది ఖరీదుగా ఉంది. మా పిల్లికి చిప్ ఉంది. అంత డబ్బు పెట్టడం అవసరమేనా?

సమాధానం 1 (లీడ్స్)

అవసరమేనని నా అభిప్రాయం. అయస్కాంతపు ఫ్లాప్ గుర్తించేది మీ పిల్లిని కాదు, దాని మెడపట్టీకి వేలాడే అయస్కాంతాన్ని. పక్కింటివారు కూడా అటువంటి ఫ్లాపే వాడుతూ ఉంటే, వారి పిల్లికీ మీ ఇంటి తలుపు తెరుచుకునే అవకాశం ఉంటుంది. పైగా ఆ అయస్కాంతం దారిలో కనిపించిన మేకులను, పిన్నీసులను అంటించుకుని వస్తుంది. మెడపట్టీ ఏ కంపలోనో ఊడిపోయిందంటే మీ పిల్లే వానలో బయట నిలబడవలసి వస్తుంది.

మైక్రోచిప్ సంగతి వేరు. ఇంగ్లండ్‌లో 2024 జూన్ 10 నుంచి 20 వారాలు దాటిన పెంపుడు పిల్లులకు చిప్ తప్పనిసరి అయింది కాబట్టి, తాళంచెవి ఎలాగూ మీ పిల్లి భుజాల మధ్య, చర్మం కింద ఉండనే ఉంది. ఫ్లాప్ చుట్టూ ఉన్న సొరంగంలాంటి చట్రంలో తీగచుట్ట ఒకటి ఉంటుంది. పిల్లి తల దూర్చినప్పుడు, సొంత బ్యాటరీ లేని ఆ చిప్ ఈ తీగచుట్ట నుంచే శక్తిని తీసుకుని తన 15 అంకెల నంబరును తిరిగి పంపుతుంది, ఆ నంబరు యంత్రంలో ముందే నమోదై ఉంటేనే గొళ్ళెం విడుతుంది. బయటి పిల్లికి కూడా చిప్ ఉండవచ్చు గానీ, దాని నంబరు వేరు.

ఇక గోడ విషయం. బ్లీచ్ వాడకండి, అమ్మోనియా కలిసిన ద్రావకాలు అసలే వద్దు, ఎందుకంటే ఆ వాసన పిల్లులకు మూత్రపు వాసనలాగే తోచి మళ్ళీ అక్కడే చిమ్మేలా ప్రేరేపిస్తుంది. ఎంజైములున్న బట్టల సబ్బుపొడిని, అంటే ఇక్కడ బయలాజికల్ అని అమ్మేదాన్ని, గోరువెచ్చని నీటిలో కలిపి తుడిచి, తర్వాత మంచినీటితో కడిగి ఆరనివ్వండి.

సమాధానం 2 (బర్మింగ్‌హామ్)

పై సమాధానంతో ఏకీభవిస్తూనే ఒక మాట చేర్చుతాను, ఎందుకంటే మీరు చెప్పిన గండుపిల్లి లాంటిదానికి ఇది వర్తిస్తుంది. మైక్రోచిప్ ఫ్లాపులలో చవక రకాలు చాలావరకు లోపలికి వచ్చేటప్పుడు మాత్రమే చిప్‌ను చదువుతాయి. బయటికి వెళ్ళడానికి ఏ అడ్డూ ఉండదు. అంటే రెక్క బయటివైపుకు ఎప్పుడూ కదులుతుంది. ఆకలితో ఉన్న గడుసు పిల్లి ఆ రెక్క అంచుకు గోరు తగిలించి, తనవైపు లాక్కుని, కింద నుంచి దూరిపోతుంది. తోసేవాడికి తాళం వేసి లాగేవాడికి తలుపు తీసిపెట్టినట్లన్న మాట. అందువల్ల రెండు దిశలలోనూ చిప్ చదివి, రెండు దిశలలోనూ గొళ్ళెం పడే రకాన్ని ఎంచుకోండి. ష్యూర్‌ఫ్లాప్ వారి డ్యూయల్‌స్కాన్ ఆ రకానిదే. కొంత ఖర్చు పెరిగినా, రాత్రిపూట మీ పిల్లిని ఇంట్లోనే ఉంచుకునే వీలు కూడా దానిలో ఉంది.

మరొకటి: మేత గిన్నెను ఫ్లాప్‌కు ఎదురుగా పెట్టకండి. లోపలి నుంచి వాసన తగులుతున్నంత కాలం ఏ పిల్లీ ప్రయత్నం మానదు. ఆ గండుపిల్లికి మెడపట్టీ లేనంత మాత్రాన అది దిక్కులేనిదని అనుకోవడానికి లేదు. ఇక్కడ ఇంటింటా తిని తిరిగే పెంపుడు పిల్లులు చాలా ఉంటాయి. వీలైతే దాన్ని పశువైద్యశాలకు తీసుకెళ్ళి, చిప్ ఉందేమో చూపించండి. యజమాని దొరికితే పిల్లలు పుట్టకుండా చేసే శస్త్రచికిత్స చేయించమని మర్యాదగా అడగవచ్చు, మూత్రం చిమ్మే అలవాటు దానితో చాలా మటుకు తగ్గుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. రెండు దిశల రకమే తీసుకుందామని నిర్ణయించాము. పాత ఫ్లాప్ ఉన్న రంధ్రంలోనే ఇది పడుతుందా? ఇంటి యజమానిని అడగాలా?

సమాధానం 3 (స్లవ్)

తప్పక అడగండి, అదీ ఈమెయిల్ ద్వారా అడగండి. రంధ్రం ఇప్పటికే ఉంది కాబట్టి ఒప్పుకోవచ్చు. పాత ఫ్లాప్‌ను పారవేయకుండా దాచి, ఖాళీ చేసేటప్పుడు తిరిగి బిగిస్తామని రాయండి.

కొనే ముందు పాత ఫ్లాప్ విప్పి రంధ్రపు పొడవు, వెడల్పు, తలుపు మందం కొలవండి. రంధ్రం చిన్నదైతే ఆ యూపీవీసీ పలకను సన్నని పళ్ళ రంపంతో పెంచవచ్చు, పెద్దదైతే చుట్టూ ఖాళీని కప్పే పట్టీలు అమ్ముతారు. లోహపు తలుపు అయితే చిప్ చదవడానికి ఆటంకం కలుగుతుంది, దానికి వేరే అమరిక కావాలి. గాజు తలుపు అయితే అక్కడికక్కడే రంధ్రం పెట్టలేము, గట్టిపరచిన గాజును కోస్తే ముక్కలైపోతుంది. రంధ్రంతో సహా కొత్త గాజు చేయించుకోవలసిందే. మీకు ఆ బాధ లేదు.

బిగించిన తర్వాత కొన్నాళ్ళు రెక్కను టేపుతో పైకి కట్టి ఉంచితే పిల్లి భయం లేకుండా అలవాటు పడుతుంది. గొళ్ళెం టక్కుమనే శబ్దానికి బెదిరే పిల్లులకు ఇది మరీ అవసరం. అయితే అన్నాళ్ళూ దారి అందరికీ తెరిచే ఉంటుంది కనుక, రాత్రిళ్ళు మాత్రం రెక్క దించి, ఫ్లాప్‌కు ఉండే చేత్తో వేసే తాళం వేసేయండి. నంబరు నమోదు చేసేటప్పుడు ఒక జాగ్రత్త కూడా ఉంది. బటన్ నొక్కిన తర్వాత ఫ్లాప్‌లో మొదట తల దూర్చిన పిల్లినే అది ఇంటి పిల్లిగా గుర్తు పెట్టుకుంటుంది. కాబట్టి ఆ పని పట్టపగలు, గండుపిల్లి పెరటి గోడ మీద లేదని చూసుకుని చేయండి.